పంతొమ్మిదోవాడు

స్టూడియో వెనక వీధి, మేడ మీది గది
ఫిబ్రవరి

అక్కా,

"బతికుంటే కార్డు ముక్కయినా రాయి" అన్నావు. బతికే ఉన్నాను. కాకపోతే మొన్న మంగళవారం ఒక్కరోజే పదకొండుసార్లు చచ్చిపోయాను. "నువ్వు చస్తుంటే ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు చస్తున్నావయ్యా, కాస్త గోల చెయ్యి" అని మా డైరెక్టరు మొత్తుకున్నాడు. పన్నెండోసారి గోల చేశాను. ఆయనకి నచ్చింది. నాకు సిగ్గేసింది.

ఇక్కడ నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు. అందరికీ నేను "పతకం". "పతకం టీ తాగాడా?" "పతకానికి గడ్డం అంటించారా?" తుపాకీ ఎలా పట్టుకోవాలో హీరోలకి నేర్పడానికి పిలిచినవాణ్ణి. నాలుగేళ్ళలో వాళ్ళ పక్కన నిలబడి చచ్చేంతవరకూ ఎదిగాను. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

పని లేని మధ్యాహ్నాలు సెట్లలో తిరుగుతుంటాను. ఒక వీధి ఉంది, అన్నీ ముందు గోడలే. తలుపు తీస్తే అవతల గడ్డి. ఒక ఇంట్లో మెట్లున్నాయి, ఎనిమిదో మెట్టు తర్వాత ఏమీ లేదు. దాని మీద కూర్చుంటే ఎదురుగా గుడ్డ మీద వేసిన ఆకాశం. పెయింటరు ముసలాయన రోజూ ఒక మబ్బు చెరిపి ఇంకోచోట వేస్తాడు. "నిన్న ఇక్కడ కదా ఉంది?" అంటే "మబ్బులు కదలవా ఏమిటి?" అంటాడు. చిన్నప్పుడు బావ నన్ను స్టూలెక్కించి ఆపరేటర్ గది చిన్న కిటికీలోంచి సినిమా చూపించేవాడు గుర్తుందా? ఆ వెలుగు వెళ్ళి తగిలేచోట నిజంగానే ఊళ్ళు ఉన్నాయనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఊళ్ళోనే అద్దెకుంటున్నాను.

అసలు సంగతి చెప్పలేదు. ఈసారి సినిమాలో హీరోని నేనే. ఆ నది, ఆ తాడు, ఆ పడవ, గాయపడ్డ పద్దెనిమిది మందిని ఇవతలి ఒడ్డుకు చేర్చడం. యుద్ధంలో నాకు పతకం ఎందుకిచ్చారో ఆ కథే. పాత పేపరు చూసి డైరెక్టరు రాసుకున్నాడు. నేను వద్దన్నాను. "నువ్వు కాదంటే ఇంకొకణ్ణి పెడతా. వాడికి తెడ్డు ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు" అన్నాడు. ఆ మాటకి లొంగిపోయాను.

మీ హాలుకీ వస్తుందిలే. నీ చేత్తోనే నన్ను ఆడిస్తావు.

నీ తమ్ముడు


హాలు, ఆపరేటర్ గది
మార్చి, మ్యాట్నీకి ముందు

ఒరే చిన్నోడా,

ఇక్కడ నేనూ నా రెండు మిషన్లూ బాగానే ఉన్నాం. ఎడమచేతి మిషను ముసలిదైపోయింది, రీలు మార్చినప్పుడల్లా దగ్గుతుంది. నీ కబురు విని కిందికి పరిగెత్తి టికెట్ల కిటికీ దగ్గర అందరికీ చెప్పేశాను. "మా తమ్ముడు హీరో అట" అంటే మేనేజరు "ఇన్నాళ్ళూ కాదా మరి?" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. వారం రోజులు ఆయన్ని ఏమీ అనకుండా వదిలేశాను.

నువ్వు మాత్రం ఇంటికి రావు. పదకొండేళ్ళలో నాలుగుసార్లు వచ్చావు, నాలుగుసార్లూ గేటు దగ్గర నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడి వెళ్ళిపోయావు. మంచినీళ్ళు తెచ్చేలోపు మాయం. నీకు పాలు పట్టి పెంచిన చెయ్యి ఇది, గుర్తుపెట్టుకో.

నీకొక మాట చెప్పాలి. ఎవరితోనూ అనకు. మా హాల్లో కుర్చీలు బాగుచేసే వడ్రంగి ఉన్నాడని రాశాను కదా. బాల్కనీ మూడో వరసలో ఒక కుర్చీ ఉంది. ఆర్నెల్లుగా ప్రతి వారం అదే విరుగుతోంది, ప్రతి వారం ఆయనే వచ్చి బాగుచేస్తున్నాడు. దొంగ దొరికాడులే అనుకుని మొన్న నిలదీశాను. "కుర్చీ పాపం ఏమీ లేదండి, నేనే విరగ్గొడుతున్నా" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తర్వాత మెట్ల మీద నిలబడి, సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, అడగాల్సింది అడిగాడు.

"మా ఆయన చనిపోయినట్టు ఎవరూ చెప్పలేదు. జాడ తెలియలేదని మాత్రమే మిలటరీ నించి కాగితం వచ్చింది" అన్నాను.

"నేను తొందరపెట్టను. కానీ మీరు ఎదురుచూసేది వచ్చే మనిషి కోసమో, రాని మనిషి కోసమో తెలిస్తే బాగుంటుంది. నా కోసం కాదు, మీ కోసం" అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మీ బావ వచ్చేదాకా నేను చూసుకుంటానని ఈ మెట్లు ఎక్కినదాన్ని. డ్యూటీ పలక మీద ఇప్పటికీ ఆయన పేరే. అప్పుడు ముప్ఫై ఏళ్ళు నాకు, ఇప్పుడు నలభై ఒకటి. యుద్ధం నించి నువ్వొక్కడివే గేటు దగ్గర దిగినప్పుడు "మీ బావేడిరా?" అన్నాను. "వెనక వస్తున్నాడక్కా" అన్నావు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఏదో గొణిగావు. ఈసారి ఉత్తరంలో అడుగుతున్నాను, ఉత్తరం గొణగలేదు. చివరిసారి నువ్వు చూసినప్పుడు ఆయన ఎక్కడున్నాడు? ఎలా ఉన్నాడు?

మొదటి గంట కొట్టారు. ఉంటాను.

అక్క


స్టూడియో, మేకప్ గది
ఏప్రిల్

అక్కా,

జవాబు ఆలస్యమైంది. పది రోజులుగా నీళ్ళలోనే ఉన్నాం.

స్టూడియో వెనక పెద్ద తొట్టి కట్టి నది చేశారు. ఒక పక్క పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటే అలలు లేస్తాయి. పైన చిల్లుల గొట్టాల్లోంచి వాన. మొదటిరోజే వాన ఎక్కువై గుడ్డ మీది ఆకాశం తడిసి, నీలం రంగు కారి అందరి భుజాల మీదా పడింది. పెయింటరు ముసలాయన గొడుగు కింద కూర్చుని "నా ఆకాశం, నా ఆకాశం" అని ఒకటే ఏడుపు. ఆ నీలం ఇంకా నా మెడ మీద ఉంది. సబ్బుకి పోవడం లేదు.

నీకు నవ్వొచ్చే సంగతొకటి. పడవ సీను. అవతలి ఒడ్డున పంతొమ్మిది మంది ఉంటారు. ముందు ముగ్గుర్ని ఎక్కించుకుని నేను తాడు లాగాలి. అంతే. నేనేమో ముందున్న ముగ్గుర్నీ వదిలేసి, అందరికన్నా వెనక నిలబడ్డవాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి పడవలో కూలేశాను. "కట్! ఆయన చివర కదయ్యా!" అన్నాడు డైరెక్టరు. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ వాణ్ణే ఎక్కించాను. మూడోసారీ అంతే. "పతకానికి లెక్కలు రావు" అని యూనిట్ అంతా నవ్వింది. నాలుగోసారి ఆ కుర్రనటుడే నాకు అందకుండా చెట్టు చాటుకి పోయాడు. అప్పుడు కుదిరింది.

పద్దెనిమిది మంది కథైతే పంతొమ్మిదోవాడెవడు అంటావా? డైరెక్టరు కల్పన. పేపర్లో లేని ఒక స్నేహితుణ్ణి పెట్టాడు. చివరి పడవ వచ్చేసరికి వాడు చనిపోయి ఉంటాడు, నేను వాణ్ణి పూడ్చిపెడతాను. "ఇలాంటిదేమీ జరగలేదని నాకూ తెలుసు. కానీ ఒక చావైనా లేకపోతే జనం ఇంటికెళ్ళి ఏం తలుచుకుంటారు?" అన్నాడు. లేచి నిలబడి సెల్యూట్ కొట్టి భోరుమనాలని రాసుంది. నాకు రాలేదు. "సరే, రాసింది వదిలెయ్. నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడు. చేశాను. ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. కట్ అనడం కూడా మర్చిపోయారు. వాన గొట్టాలు కట్టేశాక చూస్తే లైట్ల వాళ్ళు టోపీలు తీసి నిలబడి ఉన్నారు.

బావ గురించి అడిగావు. ఆరోజు వాన, పైన పొగమంచు. మనిషికి మనిషి కనబడని రోజు. ఏం చెప్పను?

వడ్రంగి మంచివాడిలాగే ఉన్నాడు. తప్పు తనే ఒప్పుకునేవాళ్ళు ఎక్కువమంది ఉండరు.

తమ్ముడు


ఇల్లు
జూన్

చిన్నోడా,

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ జవాబు. నేనొకటి అడిగితే నువ్వు తొట్టి, గొట్టం, ఆకాశం అంటావు. సరే, నీకు తెలియదన్నమాట. తెలిస్తే నా దగ్గర దాచేవాడివి కాదు. వడ్రంగిని పిలిచి చెప్పేశాను, "మా ఆయన రాడని ఎవరూ అనలేదు కాబట్టి ఎదురుచూస్తూనే ఉంటాను" అని. సరేనండి అన్నాడు. ఆ రోజు నించి కుర్చీ విరగలేదు. ఎందుకో ఆ కుర్చీ వైపు చూడబుద్ధి కావడం లేదు.

నీ సినిమా పోస్టరు వచ్చింది! హాలు ముందు గోడంతా నువ్వే. నీ ముక్కు ఒక్కటే మూడడుగులు. చీపురు పట్టే ముసలమ్మ దాని కింద నిలబడి "వీడా, చిన్నప్పుడు మా మెట్ల మీద జారిపడి ఏడిచినవాడు?" అంది. రీలు డబ్బాలు శుక్రవారం వస్తాయి. రెండు మిషన్లకీ నూనె వేశాను, లెన్సులు తుడిచాను. మిషన్ దీపాలకి కొత్త కార్బన్ కడ్డీలు అడిగితే మేనేజరు నోరెత్తకుండా ఇచ్చాడు.

నువ్వు పక్కనుంటే బాగుండేది. ఆయన ఉంటే ఇంకా.

అక్క


హాలు, ఆపరేటర్ గది
జూన్, శనివారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నిన్న మ్యాట్నీ. హాలు నిండింది. నువ్వు కనబడగానే ఈలలు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాను. నది వచ్చింది, పడవ వచ్చింది. జనం గట్టిగా లెక్కపెట్టారు, పదహారు, పదిహేడు, పద్దెనిమిది అని. ఆఖర్న నువ్వు ఖాళీ పడవతో వెనక్కి వెళ్ళావు.

ఏడో రీలు అది. తెర మూల చుక్క పడగానే నేను రెండో మిషను వెయ్యాలి. పదకొండేళ్ళలో ఒక్క చుక్క తప్పలేదు. నిన్న తప్పింది. రీలు అయిపోయి తెర తెల్లగా వెలుగుతూ ఉండిపోయింది. జనం అరుస్తున్నారట. నాకు వినబడలేదు. వడ్రంగి బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చి తలుపు బాదితే అప్పుడు లేచాను.

ఆట అయ్యాక ఆ రీలు బల్ల మీద పెట్టి, కింద దీపం వెలిగించి, భూతద్దంతో ఒక్కొక్క బొమ్మా చూశాను. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. నువ్వు చనిపోయినవాడి కాలర్ బొత్తం విప్పావు. జేబులోంచి రుమాలు తీశావు. నాలుగు మడతలు వేసి, ఒక కొస లోపలికి తిప్పి, మెడ వెనక కాలర్లో దోపావు. ఆ మడతకే తొంభై ఆరు బొమ్మలు. లెక్కపెట్టాను.

ఆ మడత నాది. ఈ గదిలో దీపాల వేడికి ఆయన మెడ కమిలిపోతుంటే నేను కనిపెట్టిన మడత. కొస లోపలికి తిప్పకపోతే జారిపోతుంది. రోజూ మెట్లెక్కే ముందు నేనే పెట్టేదాన్ని. అది తెలిసింది ముగ్గురికే.

ఆ తర్వాత నీ మొహం కూడా చూశాను. నిన్ను పెంచినదాన్ని. నువ్వు నటించేటప్పుడు నీ పైపెదవి ఎలా ఉంటుందో, నటించనప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఎవర్ని పూడ్చావురా?

అక్క


స్టూడియో వెనక వీధి
జూన్ నెలాఖరు

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

బావనే.

ఆరోజు తెల్లారి మా దళం నది దాటి వెనక్కి రావాలి. వంతెన లేదు. తాడు కట్టిన చిన్న పడవ ఒకటి, ముగ్గురికన్నా పట్టదు. అవతల ఒడ్డున నడవలేనివాళ్ళు పద్దెనిమిది మంది, వాళ్ళకి తోడు బావ. సిగ్నల్ దీపాలు చూసుకునేవాడు కదా, దీపం పగిలిపోయాక ఇక పనేముందని, గాయపడ్డవాళ్ళని ఒడ్డుకి మోస్తున్నాడు.

ఆరుసార్లు తిరిగాను. తిరిగి వెళ్ళిన ప్రతిసారీ "బావా, ఇక నువ్వెక్కు" అన్నాను. ప్రతిసారీ "ముందు వీళ్ళు. నేను వెనక వస్తాలేరా" అన్నాడు. కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. "కాలర్ బిగిస్తే నీకు ఊపిరాడదు కదా" అంటే "చలిరా" అన్నాడు. నమ్మాను. నాకు వంక దొరికిందేమో, త్వరగా తాడు లాగడమే తప్ప ఇంకేం చూడలేదు.

ఏడోసారి వెళ్ళేసరికి చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు, నది వైపు చూస్తూ. కోటు విప్పాను. పొద్దుటి నించీ ఆ గాయంతోనే ఉన్నాడక్కా. పొట్ట దగ్గర. మొదటి పడవలో ఎక్కించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను చంపుతోంది.

పడవ తెడ్డుతో తవ్వాను. ఆయన జేబులో నువ్విచ్చిన రుమాలు ఉంది, వాడకుండా దాచుకున్నాడు. ఏం చేస్తున్నానో తెలియకుండానే మడత వేసి మెడ వెనక పెట్టాను. వానలో నానిపోతున్న మనిషికి చెమట పట్టకుండా.

ఇవతలికొచ్చాక ఆఫీసరు "పద్దెనిమిది. ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు. ఉన్నారంటే, మా బావని చివరికి వదిలేశానని చెప్పాలి. "లేరు, మిగతావాళ్ళు కనబడలేదు" అన్నాను. ఆయన రాసుకున్నాడు. దానికి పతకం ఇచ్చారు.

మన గేటు దగ్గర నువ్వు "మీ బావేడిరా?" అన్నప్పుడు నేను అబద్ధం ఆలోచించుకోలేదు. నా చెవిలో ఆయన మాటే ఉంది, అదే బయటికొచ్చింది. వచ్చాక నీ మొహం విప్పారింది. ఆ మొహం మీద ఎలా కొట్టను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నాలుగుసార్లు చెప్పడానికే వచ్చాను. నాలుగుసార్లూ నువ్వు నీళ్ళ కోసం లోపలికి వెళ్ళేసరికి నా కాళ్ళు నన్ను బస్సు దగ్గరికి తీసుకెళ్ళాయి.

ఇక్కడ డైరెక్టరు "ఇంకోసారి" అన్నప్పుడల్లా ఒళ్ళు ఝల్లుమంటుంది. యుద్ధంలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆ పడవ సీనులో మూడుసార్లు ఆయన్నే ముందు ఎక్కించాను. అందరూ నవ్వుతుంటే నాకు హాయిగా ఉండింది, మూడుసార్లు ఆయన ఇవతలికొచ్చాడని.

నన్ను ఏమైనా అను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు


ఇల్లు
ఆగస్టు

నీ ఉత్తరం అందింది. ఆ తర్వాతివి మూడూ అందాయి, విప్పలేదు.

చనిపోయాడేమోనని నాకు తోచలేదనుకున్నావా? ఏడో ఏట తోచింది. ఎనిమిదో ఏట కాదనిపించింది. వీధిలో ఎవరి దగ్గు విన్నా లేచి కూర్చున్నాను. జ్వరమొచ్చినా మెట్లెక్కాను, ఆయన వచ్చి చూస్తే మిషన్లు మురికిగా ఉండకూడదని. ఆయన చావు నీ తప్పు కాదు. ఆయన సంగతి నాకు తెలియదా? తన వంతు ఎప్పుడూ వెనక్కే జరుపుకునే మనిషి. నువ్వు చెయ్యి పట్టి లాగినా ఎక్కేవాడు కాదు. దాని గురించి నీ మీద నాకు రవ్వంత కోపం లేదు.

పదకొండేళ్ళ గురించి ఉంది. పద్దెనిమిది మందిని దాటించావు. నన్ను మాత్రం అవతలి ఒడ్డునే వదిలేశావు.

ఆ చోటు ఎక్కడో రాయి. గుర్తులతో సహా, తప్పిపోకుండా. నేను వెళ్తాను. నువ్వు రావద్దు.


స్టూడియో వెనక వీధి
ఆగస్టు

అక్కా,

పెద్ద బస్టాండు నించి ఉత్తరంగా వెళ్ళే బస్సెక్కు. నది వంపు దగ్గర దిగాలి. ఇప్పుడక్కడ రేవు ఉందని, పడవ రోజుకి రెండుసార్లు తిరుగుతుందని కనుక్కున్నాను. అవతల దిగాక నీళ్ళకి ఎడమచేతి పక్కన నడువు. నల్లరాయి ఒకటి, ఏనుగు పడుకున్నట్టుంటుంది. అక్కణ్ణించి గట్టెక్కితే మూడు చెట్లు. మధ్యది చీలి రెండు కొమ్మలుగా పోతుంది. దాని మొదలు నించి నది వైపు తొమ్మిది అడుగులు, నా అడుగులు. తలవైపు నాలుగు రాళ్ళు పెట్టాను. టోపీ పెట్టాను, అది ఉండదు. కళ్ళు మూసుకుంటే చాలు, రోజూ ఆ గట్టే ఎక్కుతుంటాను. రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

డైరెక్టరుకి నిజం చెప్పాను. "నేను కల్పించాననుకున్నా" అన్నాడు. మా ఆఫీసరు ఇంకా బతికే ఉన్నాడు, ఆయనకీ ఉత్తరం రాశాను. జాడ తెలియలేదన్న కాగితం మార్చమని, కావాలంటే పతకం వెనక్కి తీసుకోమని.

చలి కోటు తీసుకెళ్ళు. అక్కడ గాలి ఎక్కువ.

తమ్ముడు


నది అవతలి ఒడ్డు, మొక్కల తోట
సెప్టెంబరు

చిన్నోడా,

నీ గుర్తులు ఒక్కటీ తప్పలేదు. నల్లరాయి పడుకునే ఉంది. మూడు చెట్లలో ఒకటి పోయింది, చీలిన చెట్టు ఉంది.

నేను ఒక్కదాన్నే బయల్దేరాను. బస్సెక్కి చూస్తే వడ్రంగి పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. "నేనూ ఆ వైపే వెళ్తున్నానండి" అన్నాడు. ఎక్కడికి అంటే "మీరెక్కడ దిగితే అక్కడికి" అన్నాడు. నది దాకా వచ్చి, పడవ మాత్రం ఎక్కలేదు. "అవతల నాకు పని లేదు. ఇవతల ఉంటాను" అని రేవు దగ్గర కూర్చున్నాడు.

గట్టెక్కితే అంతా మొక్కలే. మట్టి కుండీలు, నారు మళ్ళు, నీళ్ళ కాలవలు. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని మొలకలు తీసి నాటుతోంది. నా వయసే ఉంటుంది. "ఏం మొక్క కావాలమ్మా?" అంది. ఆవిడ నా చేతిలో కాగితం చూసింది, నేను అడుగులు లెక్కపెట్టబోతుంటే నా మొహం చూసింది. లేచి చేతులు దులుపుకుని, "రండి, ఇటు" అని తనే తీసుకెళ్ళింది.

మళ్ళన్నీ వరసగా గీత గీసినట్టు వస్తాయి, ఆ ఒక్కచోట వంగి చుట్టూ తిరిగిపోతాయి. మధ్యలో మనిషి పొడుగంత నేల, నిండా పచ్చిక. నాలుగు రాళ్ళూ ఉన్నాయి.

"యుద్ధమయ్యాక మేం తిరిగొచ్చేసరికి ఉంది. మీవాడో, మావాడో తెలియదు. మా ఆయన గునపం ఎత్తి మళ్ళీ దించేశాడు. నలుగురు మనుషుల్లా నాలుగు రాళ్ళు కాపలా ఉంటే ఎలా తవ్వుతాం?" అంది. తర్వాత "మీకేమవుతారు?" అంది. చెప్పాను. నా పక్కన కూర్చుంది. పదకొండేళ్ళలో మొదటిసారి "మా ఆయన పోయాడు" అని పైకి అన్నాను, చిన్నోడా. ఏమీ విరిగి పడలేదు. కాలవలో నీళ్ళు పోతూనే ఉన్నాయి.

తీసుకొచ్చేద్దామనుకుని వచ్చాను. తీసుకురాను. ఇంత నెమ్మదిగా ఉన్నవాణ్ణి లేపబుద్ధి కాలేదు.

ఆయన తల దగ్గర కూర్చున్నాను, ఏం చెప్పను? బెంగ పెట్టుకున్నాననా? ఏడ్చాననా? ఆయనకి అలాంటివి చెబితే చెవులు ఎర్రబడతాయి. చివరికి తోచింది, ఈ మనిషి పదకొండేళ్ళుగా సినిమా చూడలేదు అని. ఒక్క శుక్రవారం కూడా ఆట తప్పనివాడు. మొదలుపెట్టాను. ఆయన వెళ్ళిన వారం వచ్చిన సినిమా నించి ఒక్కొక్కటే కథ చెప్పాను. పాటల దగ్గర పాటలు, కొట్లాట దగ్గర కొట్లాట. ఎక్కడ ఫిల్ము తెగిందో, ఏ రీలు మధ్యలో అరిగి గీతలు పడిందో, హాలు ఎక్కడ నవ్విందో అన్నీ. ఎండ పలచబడింది. మొలకల మీద చిన్న చిన్న రెక్కల పురుగులు లేచాయి, మన గదిలో వెలుగు దారిలో దుమ్ము లేచినట్టే. మొక్కలావిడ నీళ్ళ డబ్బా పక్కన పెట్టి వింటూ కూర్చుంది. "ఆ పిల్ల చివరికి ఇంటికెళ్తుందా లేదా?" అని నన్ను మధ్యలో ఆపేసింది. "ఆగండి, ఇంకా ఇంటర్వెల్ కాలేదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. నేను నిజంగా నవ్వాను.

పడవ వెళ్ళిపోయింది. ఆవిడ ఇంట్లోనే ఉండిపోయాను. ఇది మూడోరోజు. ఇంకా సగం సినిమాలే అయ్యాయి, మంచివి ఏరి చెబుతున్నా ఇంతే. అవతలి రేవుకి కబురు పంపితే వడ్రంగి "నిదానంగా రమ్మనండి" అన్నాడట. రేవు బల్లలన్నీ బాగుచేస్తున్నాడట. వచ్చే నెల అడగండి అని చెప్పాలనుకుంటున్నాను. ఏం అడగాలో ఆయనకి తెలుసు.

నీ మీద కోపం పోలేదు. ఇప్పట్లో పోయేలా లేదు. కానీ ఇంట్లో కోపమున్నవాళ్ళు లేరా, వాళ్ళకి అన్నం పెట్టరా?

నీ సినిమా దగ్గరికి వచ్చి ఆగిపోయాను. పడవ దాకా చెప్పగలను, ఆ పైన నాకు రాదు. నేను చూసింది తొంభై ఆరు బొమ్మలే. మిగతాది చూసినవాడివి నువ్వు. ఆయనకి కథ సగంలో ఆపితే ఎంత చిరాకో నీకు తెలుసు, స్టూలు మీంచి నిన్ను దించి మరీ తిట్టేవాడు.

రోజూ మధ్యాహ్నం రెండింటికి పడవ ఉంది. మేం ఇక్కడే కూర్చుని ఉంటాం.

అక్క